కడబంతిలో మా ఊరు

మా ఊరి చివరి పొలానికి కృష్ణ నీళ్లు రావాలంటే ఎగువన వానలు పడాలి, సాగర్ నిండాలి, కుడికాలువ గేట్లెత్తాలి. ఇవన్నీ అయ్యాక మా బావకు దయ కలగాలి. కుడికాలువ చీలుతూ చీలుతూ మా వైపుకు వచ్చేసరికి అదొక పిల్లకాలువ. దాని మీద మొదటి ఊరు బావది, చివరి ఊరు మాది. బావ అంటే మా పెదనాన్న అల్లుడు. పై ఊరి నీటి సంఘానికి ఆయనే పెద్ద. మనిషి మంచివాడు. పెళ్లికీ చావుకీ అందరికన్నా ముందొస్తాడు, ఆస్పత్రి అంటే కారు పంపిస్తాడు. నీళ్లు మాత్రం పంపడు. "వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే" అని సామెత. అది కట్టిన మహానుభావుడు మా కాలువ చూసి ఉండడు.

కింద ఊరి సంఘానికి మా అన్నయ్య పెద్ద. పెద్ద అంటే, నీళ్లు రానప్పుడల్లా ఊరంతా వచ్చి తిట్టిపోసే మనిషి అని అర్థం. అన్నయ్యకు మిరప తోట ఉంది, దాని గట్టున ఒక బోరు ఉంది. ఆ బోరు ముసలాయన దగ్గులాగా ఆగి ఆగి పోస్తుంది. ప్రతి ఏడూ కాయ పట్టే కాలానికి కాలువ ఎండిపోతుంది, ఆ బోరే దిక్కవుతుంది. చెట్లు వడలిపోతుంటే చూడలేక అన్నయ్య మధ్యాహ్నం పూట తోటలోకి పోవడమే మానేసేవాడు.

ఒక వేసవిలో పంట అమ్ముకుని వచ్చిన రోజు నాతో అన్నాడు: "ఇంకొక్క యేడు చూస్తానే. ఇట్టాగే ఉంటే చేను కౌలుకిచ్చేసి దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీలో గేటు కాడ కూచుంటా. కుర్చీ ఇస్తారు, ఫ్యాను ఉంటది. ఏం తక్కువ?"

మట్టిని వేళ్ల మధ్య నలిపి ఇంకా ఎన్నాళ్లు తడి ఆగుతుందో చెప్పే మనిషి, సిమెంటు దుమ్ములో కూర్చుని లారీలకు గేటు తీస్తానంటుంటే నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు కోపం కూడా వస్తుంది. "కూచో, ఖాకీ చొక్కా నేనే కుట్టిస్తా" అని విసురుగా అనేసి నరసరావుపేట బస్సెక్కాను.

నేను నరసరావుపేటలో ఇంటర్మీడియెట్ పిల్లలకు ఇంగ్లీషు చెబుతాను. ఆ ఏడు కార్తీకంలో నీటిపారుదల శాఖలో పనిచేసే తెలిసిన ఇంజనీరు ఒకాయన ఫోన్ చేశాడు. కొన్ని దేశాలు కలిసి ఒక పని పెట్టుకున్నాయని, విదేశాల నుంచి అతిథులు వస్తున్నారని, రైతులతో మాట్లాడేటప్పుడు తర్జుమా చేయడానికి మనిషి కావాలని అడిగాడు. పనేమిటంటే, నీళ్లు ఉండి కూడా పంచుకోవడం కుదరక ఎండిపోతున్న పొలాలు అన్ని దేశాల్లోనూ ఉన్నాయట. ఒకచోట కుదిరిన పద్ధతిని ఇంకోచోట చూపించి, అక్కడి రైతుల్నే ఇక్కడికి తీసుకొచ్చి మాట్లాడించి, ఇక్కడ ఒక పిల్లకాలువ మీద పంటకాలం మొత్తం ప్రయత్నించి చూస్తారట. గేట్లు బాగుచేస్తారు, నీళ్లు చివరి ఊరి నుంచి మొదలుపెట్టి పైకి ఇచ్చుకుంటూ వస్తారు. ఏ కాలువ అనేది వచ్చిన అతిథులు తిరిగి చూసి చెబుతారు. చివరికి నీళ్లు అందని కాలువే కావాలి.

"చూసే కాలువల్లో మా ఊరిది కూడా ఉందా?" అని అడిగాను.

"ఉంది మేడమ్. మీది ఆ ఊరేగా, ఇంకా మంచిది" అన్నాడు.

నిజం చెప్పొద్దూ, నాకు నమ్మకం కలగలేదు. ఒకే ఇంటి బంతిలో ముద్ద తిన్నవాళ్లం ఒక కాలువ దగ్గర కుదుర్చుకోలేకపోతే, సముద్రం దాటి వచ్చినవాళ్లు నేర్పుతారా? అయినా అన్నయ్య మాట గుండెలో ముల్లులా ఉంది. సెలవు పెట్టి, సాగర్ ఒడ్డునున్న విజయపురి సౌత్ వెళ్లాను.

అతిథి గృహం ముందు నాకు ఫోన్ చేసిన ఇంజనీరు ఇద్దరిని చూపించాడు. ఒకాయన డచ్చి దేశపు ఇంజనీరు. ఎంత పొడుగంటే, గుమ్మాలకు దండం పెడుతూ నడిచే మనిషి. రెండో ఆవిడ శ్రీలంక రైతు. అరవై దగ్గర వయసు, నూలు చీర, రబ్బరు చెప్పులు, చంకలో గొడుగు. వ్యాను డ్రైవరు నా దగ్గరికొచ్చి రహస్యంగా అడిగాడు: "ఏందమ్మా, ఫారినోళ్లన్నారు, ఆమె అచ్చం మా వినుకొండ మేనత్తలాగా ఉందే?" ఆవిడకు సింహళం తప్ప మరో భాష రాదు. ఆవిడ మాటల్ని ఇంగ్లీషులోకి మార్చడానికి వాళ్ల దేశపు అమ్మాయి ఒకతె తోడొచ్చింది. ఆ అమ్మాయి ఇంగ్లీషును నేను తెలుగు చేయాలి. ఒక మాట బయల్దేరి చేరేసరికి రెండు బస్సులు మారినట్టే.

సాగర్ ఒడ్డున ఆవిడ చెప్పులు విడిచి నీళ్లలోకి దిగి, దోసిలితో తీసుకుని కళ్లకద్దుకుంది. మా అమ్మ చేసేది అదే. నాకు ఆవిడ మీద ఇష్టం కలిగింది. "అక్కా" అని పిలిచాను. ఆ పిలుపుకు తర్జుమా అడగలేదు, నవ్వింది.

ఆ ఇష్టం వ్యాను బయల్దేరే వరకే ఉంది. దారిలో మాటల మీద తెలిసింది, ఆవిడ పొలం వాళ్ల చెరువు కింద అన్నిటికన్నా ముందున్న పొలమట. నీళ్లు మొదట ఆవిడ తూములోకే వస్తాయట. అయితే ఈవిడా మా బావ జాతే అన్నమాట అనుకుని మొహం కిటికీ వైపు తిప్పుకున్నాను. నీళ్లు తక్కువైన ఏడు చెరువుకు దగ్గరగా ఉన్న పొలాలను ఊరంతా పంచుకుని సాగు చేసుకుంటారని, దూరపు పొలాలవాళ్లకు కూడా అందులో ముక్క ఇస్తారని ఆవిడ చెప్పింది. "మీ పొలంలో కూడా ఇస్తారా?" అని అడిగాను. ఇస్తానంది. దూరపు కొండలు నునుపు అనుకుని ఊరుకున్నాను.

ముందు బావ ఊరు. రోడ్డు మీదికే వచ్చి దండలేసి, మజ్జిగ ఇచ్చి, తన పొలం చూపించాడు. మా కాలువ కింద మిరప, పత్తి లాంటి ఆరుతడి పంటలే వెయ్యాలని పద్ధతి. బావ పొలంలో వరి మోకాలెత్తు నీళ్లలో పచ్చగా ఊగుతోంది. డచ్చి ఇంజనీరు దాన్ని చాలాసేపు చూశాడు. భోజనాలు మా ఊళ్లో. మేం బయల్దేరుతుంటే బావ కూడా కారు తీశాడు. "చుట్టాల ఊరికి చుట్టాలొస్తుంటే నేను లేకుండా ఎట్టా అమ్మాయ్?" అన్నాడు.

మా ఊరి బడి పక్కనే కాలువ పోతుంది. వ్యాను ఆ మలుపు తిరిగేసరికి నా కళ్లను నేను నమ్మలేకపోయాను. కాలువ నిండా నీళ్లు! అంచుల దాకా, ఎండకు మెరుస్తూ. ఎన్నేళ్లయింది ఆ కాలువను అలా చూసి! ఒక్క క్షణం చిన్నపిల్లనైపోయి చప్పట్లు కొట్టాను. శ్రీలంక అక్కయ్య నా మొహం చూసి తనూ సంబరపడింది.

వ్యాను దిగి దగ్గరికెళ్లాక సంబరం సగం చచ్చింది. నీళ్లు కదలడం లేదు. మీద పడ్డ వేపాకు పడ్డచోటే ఉంది. బడికి ఇటూ అటూ ఇసుక బస్తాలు పేర్చి కట్టలు వేసి ఉన్నాయి. ఆ కట్టల అవతల కాలువ ఎప్పటిలాగే ఎండి ఉందేమో, దాన్ని కనబడనీయకుండా అటొక ట్రాక్టరు, ఇటొక షామియానా. అన్నయ్య తోట వైపు నుంచి నల్లటి పైపు ఒకటి గడ్డిలో దాక్కుని వచ్చి నీళ్లలో మూతి పెట్టింది. ఇస్త్రీ చొక్కాలో అన్నయ్య అందరికీ దండాలు పెడుతున్నాడు.

వదిన నా రెక్క పట్టుకుని బడి వెనక్కి లాక్కెళ్లింది. మా వదిన మాట మిరపకాయ బజ్జీ లాంటిది, కొరికాక గానీ కారం తెలియదు.

"ఏంది వదినా ఇది? నీళ్లెప్పుడొచ్చినయ్?"

"నీళ్లెక్కడియ్యే, మన బోరే! నిన్న పొద్దుటి నుంచి మోటారు ఆపకుండా కాలవలోకి తోలతన్నాడు మీ అన్న. చేనుకి పెట్టాల్సిన తడి అది. కాయ పట్టే టయానికి చెట్లు తలకాయలు వాల్చినయ్. ఈయనకేమో ఊరి పరువు కావాల్సొచ్చింది. మింగ మెతుకు లేదు గానీ మీసాలకి సంపెంగ నూనె!"

అన్నయ్యను పక్కకు పిలిచాను. పిలిచాను అనేది మర్యాద మాట.

"అన్నయ్యా, నీకేమన్నా మతిపోయిందా? వాళ్లొచ్చింది ఎండిన కాలవ చూట్టానికి!"

"నాకు తెలవదా? తెలుసే. అట్టాగని ఇంటికొచ్చిన చుట్టానికి ఖాళీ కుండ చూపిస్తామా? అదీ బావ ముందర! ఊరంతా కూచోని అనుకున్న మాట ఇది. నీళ్లు రావటం లేదని నువ్వు వాళ్లకి నోటితో చెప్పు. ఇంగ్లీషులో చెప్పు, బావకి అర్థం కాదు. కళ్లకి మాత్రం చూపించలేం."

"నీళ్లు కళ్లెదురుగా పెట్టుకుని రావటం లేదంటే నమ్ముతారా?"

ఊరు ఊరంతా ఈ సంగతి ఆలోచించలేదు. పల్నాటి పౌరుషం అంటే ఇదే. పోరాడటానికి రెడీ, ప్రాణం ఇవ్వడానికి రెడీ, "మాకు లేదు" అనే రెండు మాటలు మాత్రం గొంతు దాటవు. "బోరు నీళ్లని గానీ చెప్పావంటే నా మీద ఒట్టే" అని అన్నయ్య నా చెయ్యి తన నెత్తిన పెట్టుకున్నాడు. నాకు ఒట్ల మీద నమ్మకం లేదు. అన్నయ్య నెత్తి మీద మాత్రం ఉంది.

ఈలోగా డచ్చి ఇంజనీరు బడి ముందు కాలువ వెంట నాలుగడుగులు నడిచి ఫొటోలు తీసుకుని వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. చివరి ఊళ్లో ఇంత నిండుగా నీళ్లున్న కాలువను ఈ ప్రయాణంలో ఇదే చూశానని, ఈ ఊరివాళ్లు అదృష్టవంతులని, కాబట్టి వేరే కాలువను ఎంచుకుందామని అన్నాడు. అది నేను తెలుగులో చెప్పాలి. చెప్పాను. కక్కలేక మింగలేక చెప్పాను.

"నేను చెప్పలా?" అన్నాడు బావ, మీసం మీద చెయ్యి వేసుకుని. "మా వోళ్లకి నీళ్లకేం తక్కువని!"

"అవునవును" అన్నాడు అన్నయ్య. ఆ అవునులో అన్నయ్య గొంతు లేదు. తన గోతిని తనే తవ్వుకున్నానని అన్నయ్యకు అప్పటికి అర్థమైంది, అయినా బావ ముందు తల వంచలేడు. నాకు దాచేపల్లి గేటు కనబడింది, ఆ గేటు పక్కన కుర్చీ కనబడింది.

బడి వరండాలో భోజనాలు. నేల మీద బారుగా బంతి వేశారు. మొదటి విస్తరి డచ్చాయనకు, పక్కన బావ, ఆ పక్కన అక్కయ్య, ఆవిడ వెంట వచ్చిన అమ్మాయి, తర్వాత ఊరి పెద్దలు, చిట్టచివర మా వ్యాను డ్రైవరు. అన్నయ్య, నేను వడ్డనలో ఉన్నాం. డచ్చాయన తన కాళ్లను ఎలాగో మూడు మడతలు పెట్టి కూర్చున్నాడు. అన్నం పడగానే పాపం ఆకలి మీద ఉన్నాడేమో, చెయ్యి పెట్టబోయాడు.

బావ ఆయన మణికట్టు పట్టుకుని ఆపాడు. "ఆగండి సారూ! బంతిలో చివరి విస్తట్లో మెతుకు పడందే మొదటి విస్తట్లో చెయ్యి పెట్టకూడదు. మా కాడ అది పద్ధతి. నువ్వు చెప్పమ్మాయ్ ఆయనకి."

నేను చెప్పాను. డచ్చాయన సిగ్గుపడి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ మాట సింహళంలోకి కూడా వెళ్లింది. అక్కయ్య ముందుకు వంగి బంతి చివర దాకా చూసి, డ్రైవరు విస్తట్లో అన్నం పడేదాకా చూస్తూనే ఉంది.

గోంగూర గిన్నెతో వదిన వచ్చింది. "ఆ పొడుగాయన ఇందాకేందో అన్నాడంట, మీ అన్న మొహం మాడిపోయింది. ఏమన్నాడు?"

"మన కాలవ అక్కర్లేదంట. నీళ్లు బాగానే ఉండయ్యంట."

వదిన అన్నయ్య వైపు చూసింది. అన్నయ్య నేల వైపు చూశాడు. వదిన గోంగూర గిన్నె నా చేతుల్లో పెట్టి, "నువ్వు వెయ్యి" అని చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని వరండా దిగింది. గోడకు ఆనించి ఉన్న పార అందుకుంది. నేను ఒట్టు వేశాను గానీ వదిన వెయ్యలేదు. ఆ సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది, ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

వరండా గోడ మోకాలెత్తే. అందరికీ కాలువ కనబడుతూనే ఉంది. వదిన ముందు వెళ్లి మోటారు ఆపింది. తర్వాత తోట వైపున్న కట్ట దగ్గరికొచ్చి ఇసుక బస్తాలు ఒక్కొక్కటే లాగి పక్కన పడేసింది. మా తోటలోకి పోయే పిల్లబోదెకు మట్టి అడ్డం ఉంటే పారతో కొట్టేసింది. నీళ్లు చప్పుడు చేసుకుంటూ మిరప తోటలోకి తిరిగాయి. బంతిలో పప్పు వడ్డన అయ్యేసరికి కాలువ సగం దిగింది. నెయ్యి తిరిగేసరికి అడుగు బయటపడింది. నెర్రెలిచ్చిన రేగడి, ఎండు తుమ్మముళ్లు, ఎవరిదో ఒంటి చెప్పు. నెర్రెల్లోంచి బుడగలొస్తున్నాయి.

ముందు చూసింది అక్కయ్య. చేతిలో ముద్ద అలాగే ఉంది. పక్కనున్న అమ్మాయి భుజం తట్టి చూపించింది. డచ్చాయన తన మడతలు విప్పుకుని లేచి నిలబడ్డాడు. అన్నయ్య సాంబారు బకెట్టు పట్టుకుని కొయ్యలాగా నిలబడిపోయాడు.

వదిన బురద కాళ్లతో వరండా మెట్ల దాకా వచ్చి ఆగింది. "ఏమే, తర్జుమా చెయ్యి. అయి మా బోరు నీళ్లు. చేను ఎండబెట్టుకోని మీకోసం పోశాం. కాలవ నీళ్లు మాకు నిరుడు ఆఖరి తడికి రాలా, ఈ యేడు అసలుకే రాలా. ఎండిన కాలవ చూపిస్తే చిన్నతనం అనుకున్నారు మా మగోళ్లు. ఇంక చిన్నతనం ఏముందిలే, అందరికీ కనబడింది. అన్నాలు చల్లారిపోతన్నయ్, తినమను."

నా జీవితంలో ఏ పాఠమూ అంత శ్రద్ధగా చెప్పలేదు. ఒక్క మాట పోనివ్వకుండా, చల్లారిపోతున్న అన్నంతో సహా ఇంగ్లీషులో చెప్పాను. అది సింహళంలోకి వెళ్లింది. అక్కయ్య ఒక్కసారిగా నవ్వడం మొదలుపెట్టింది. కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. వాళ్ల ఊరికి ఒకసారి పెద్ద ఆఫీసరు వస్తున్నాడంటే, పక్క ఊరి నుంచి అరటి చెట్లు నరికి తెచ్చి దారి పొడుగునా పాతిపెట్టారట. ఆయన ఊరు చూసి, ఇక్కడి నేల మహా సారవంతమని రాసుకుని వెళ్లిపోయాడట. ఆ మాట తెలుగులో పడగానే బంతి బంతంతా ఘొల్లుమంది. అన్నయ్య కూడా నవ్వాడు. పొద్దుటి నుంచి బిగించిన మొహం అప్పుడు వదులైంది. మనలాంటి తెలివితక్కువ వాళ్లు సముద్రం అవతల కూడా ఉన్నారని తెలియడం ఎంత ధైర్యమో!

నవ్వనివాడు బావ ఒక్కడే. ముద్ద కలుపుకుని అలాగే కూర్చున్నాడు. అక్కయ్య ఎంగిలి చేత్తోనే ఆయన వైపు తిరిగింది.

"అన్నా, బంతిలో చివరి విస్తరి దాకా చూసి తినాలని మీరే చెప్పారు. నేను కూడా మా చెరువు కింద మొదటి విస్తరిదాన్నే. ఆగడం ఎంత కష్టమో నాకు తెలుసు. కూర వాసన వస్తుంటే మరీ కష్టం. నేనెందుకు ఆగుతానంటే, నా వంతు నాకు తప్పకుండా వస్తుందని నాకు తెలుసు. మీకు ఆ నమ్మకం ఎవరూ ఇవ్వలేదు. అందుకే ముందే తినేస్తున్నారు."

ఈ మాట నేనే తెలుగులో బావకు చెప్పాను. ఇన్నేళ్లూ బావను మనసులో ఎన్ని తిట్టుకున్నానో! ఆయన భయపడుతున్నాడేమో అని ఒక్కసారి కూడా అనుకోలేదు. సముద్రం అవతలి మొదటి విస్తరి మనిషికి అది చూడగానే తెలిసిపోయింది.

బావ ముద్దను విస్తట్లో వదిలి నా వైపు తిరిగాడు. "ఆమె అన్నది నిజమేనమ్మాయ్. ఒకసారి కిందకి వదిలాక మళ్లీ నాకాడికి వస్తయ్యని పూచీ ఎవరు? సాగర్లో ఉన్నయ్యో లేదో, ఎన్నాళ్లు వదుల్తారో నాకెవడు చెప్పాడు? కనబడ్డప్పుడే తోలుకోవాల. మా అయ్య కూడా అట్టాగే చేశాడు."

అప్పుడు డచ్చాయన గోడ మీద కూర్చుని, ఇక వేరే కాలువ వద్దు, దీన్నే ఎంచుకుందామని నిదానంగా చెప్పాడు. వాళ్ల దేశానికి నీళ్లు ఎక్కువై బాధ. అయినా పోట్లాటలు ఒకటేనట. నీటి సంఘాలకు ఊరివాళ్లే ఓట్లేసి మనుషుల్ని ఎన్నుకుంటారట. కొలత అందరి కళ్లకూ ఒకేలా కనబడితే సగం పోట్లాట అక్కడే తగ్గుతుందన్నాడు. ప్రతి తూము దగ్గరా గోడ మీద గీతలు గీద్దాం, ఏ తూములో ఎంత పారిందో రెండు ఊళ్ల ఫోన్లలోనూ పడాలి, నీళ్లు ఎప్పుడు వదిలేది ఎప్పుడు ఆపేది పంట వెయ్యకముందే చెప్పేలా అధికారులతో కూర్చుందాం అన్నాడు. మాతో వచ్చిన నీటిపారుదల శాఖ ఇంజనీరు తల ఊపాడు.

"ఒక్క పంట" అన్నాడు బావ. "ఒక్క పంట చూస్తా. తేడా వస్తే నా వరి నాది." అని ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

తర్వాత అంతా బెల్లం పానకంలా సాగిపోయిందని చెబితే నమ్మకండి. ఆ చలికాలమంతా మీటింగులే. పై ఊళ్లో సగం మంది బావ మీద విరుచుకుపడ్డారు, "చుట్టరికం చూసుకోని మమ్మల్ని ముంచుతన్నావు" అని. మా ఊళ్లో కొందరు గీతల మీద కూడా అనుమానపడ్డారు. ఎవరో కొత్త తూము తలుపు విరగ్గొట్టారు, మళ్లీ పెట్టారు. ఒక మీటింగులో అన్నయ్యా బావా కుర్చీలు తోసుకుని లేచారు. ఆ రోజు శ్రీలంక నుంచి అక్కయ్య ఫోన్‌లో కనబడింది. కోతలు అయిపోయిన తన పొలంలో నిలబడి, వెనక తన తూము చూపిస్తూ మాట్లాడింది. ఈ ఏడు చెరువు సగమే నిండితే తన పొలంలో ముక్క ఇచ్చింది ఎవరికో వాళ్లను కూడా పిలిచి చూపించింది. దూరపు కొండ నిజంగానే అక్కడ ఉందని అప్పుడు నమ్మాను. బావ ఆవిడకు తన వరి కుప్ప చూపించాడు. ఇద్దరు మొదటి విస్తళ్లవాళ్లు వడ్ల రకాల మీద మాట్లాడుకుంటుంటే తర్జుమా చేయలేక నా ప్రాణం తోకకొచ్చింది.

ఆ చలికాలంలో అన్నయ్య దాచేపల్లి మాట ఎత్తలేదు. వదిన తెంపిన కట్ట నీళ్లతో ఆ తోట గట్టెక్కింది, అరకొరగానే అనుకోండి. వానలు మొదలవగానే మళ్లీ మిరప నారు పోశాడు. నారు పోస్తూ నన్ను పిలిచాడు. "నీళ్లు రాకపోతే ఈసారి నిజంగానే ఆ గేటు కాడికి పోతానే" అన్నాడు. ఈసారి నేను విసురుగా ఏమీ అనలేకపోయాను.

నీళ్లు వదిలే రోజు ముందే తెలిసింది, ఫోన్లలో పడింది. కాలేజీకి సెలవు పెట్టి మొదటి బస్సుకు వెళ్లాను. పై ఊరి తూములన్నీ మూసి, వాటి పక్కన బావ, వాళ్ల ఊరి రైతులు కుర్చీలు వేసుకుని కూర్చున్నారని కబురొచ్చింది. మా ఊరంతా కాలువ గట్టు మీదే ఉంది. నీలం గీతలు గీసిన గోడ దగ్గర అన్నయ్య నిలబడి ఎగువకే చూస్తున్నాడు. ఎండ ఎక్కింది. రాలేదు. ఇంకా ఎక్కింది. రాలేదు. "ఇంకేం వస్తయ్ లే" అని ఎవరో ముసలాయన లేచి తువ్వాలు దులుపుకున్నాడు.

అప్పుడు వినబడింది. ఎండుటాకులు ఒకదానినొకటి తోసుకునే చప్పుడు. మలుపు దగ్గర ముందు చెత్త వచ్చింది, దాని వెనక నురగ, దాని వెనక మట్టి రంగు నీళ్లు. నెర్రెలు గుటకలు వేస్తుంటే వాసన లేచింది. నీళ్లు బడి దాటాయి, గోడ మీద మొదటి గీతను ముట్టుకున్నాయి, ఆగకుండా మా చివరి తూము దాకా పోయాయి. ఈ నీళ్లు కదులుతున్నాయి. అన్నయ్య ప్యాంటు మడవకుండానే కాలువలోకి దిగి, దోసిలి పట్టి కళ్లకద్దుకున్నాడు. నేను ఏడుస్తూనే వీడియో తీసి అక్కయ్యకు పంపాను.

అన్నయ్య జేబులో ఫోన్ మోగింది. తడి చేతులతో తీసి స్పీకరు పెట్టాడు. బావ.

"ఏరా, చివరి విస్తట్లో పడ్డదా? మేం ఇంక చెయ్యి పెట్టొచ్చా?"

అన్నయ్య చొక్కా చేత్తో కళ్లు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. వదిన గట్టు మీద నుంచి వంగి ఆయన చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"ఆగు అన్నయ్యా. అన్నమే పడింది, ఇంకా నెయ్యి పడలా."

అవతల కుర్చీ కిర్రుమన్న చప్పుడు వినబడింది.

"సరేలే అమ్మా" అన్నాడు బావ. "కూచోనే ఉండాం. పొయ్యనియ్."